దెయ్యప్పిల్ల గొంతు

సినిమా హాలు మెట్లెక్కుతుండగానే వెనకనుంచి ఎవరో ఆ గొంతు పెట్టారు. "ఆకలేస్తోందమ్మా... చెల్లిని తినెయ్యనా?" చుట్టుపక్కల వాళ్లు గొల్లున నవ్వారు. పళ్లాయన మెట్టు మీదే ఆగి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

ఆ మాట మొదట అన్నది ఆయన భార్య.

పళ్ల సెట్లు కడతాడు కాబట్టి వీధిలో ఆయన్ని అందరూ పళ్లాయన అంటారు. డాక్టర్లు పంపిన సుద్ద అచ్చుల మీద మైనం పోసి, ముసలి నోళ్లకు సరిపడే పళ్లను వరసగా నిలబెట్టడం ఆయన పని. "ఊరందరికీ నవ్వు కట్టిస్తారు, మీరు మాత్రం అరువుకైనా ఒకటి తెచ్చుకోరు" అని ఆమె ఎగతాళి చేసేది.

ఆమె వయసులో ఉన్నప్పుడు ఒక రికార్డింగ్ స్టూడియోలో ఫోన్లెత్తే ఉద్యోగం చేసేది. దెయ్యం పట్టిన పాప కథ ఒకటి సినిమాగా తీశారు. పాపకు డబ్బింగ్ చెప్పాల్సిన అమ్మాయికి గవదబిళ్లలు లేచాయి. డైరెక్టరు విసిగిపోయి కనబడ్డ ఆడవాళ్లనందర్నీ మైకు ముందు నిలబెడుతుంటే ఈమె వంతు వచ్చింది. ఊపిరి బయటికి వదలకుండా లోపలికి లాగుతూ మాటలు పలికింది. విన్నవాళ్లకు ఒళ్లు జలదరించింది. అదే మొదలు, అదే చివర. తెర మీద పేరు కూడా వెయ్యలేదు.

ఇంట్లో ఆ గొంతు కొన్నాళ్లు బాగానే పనికొచ్చింది. కిటికీలో కాకుల్ని తోలడానికి, స్నానాల గదిలోంచి ఒక పట్టాన బయటికి రాని మరిదిని లాగడానికి. ఒకరోజు అన్నం తినని కూతురి మీద ప్రయోగించింది. పిల్లకు జ్వరం వచ్చేసింది. అంతటితో ఆ గొంతుకు తాళం పడింది. ఆ సినిమా ఊసు కూడా ఇంట్లో ఎత్తనివ్వలేదు.

ఆమె పోయి మూడేళ్లు. ఫొటోలున్నాయి, కళ్లజోడు ఉంది. గొంతు లేదు. ఎవరైనా ఫోన్లో రికార్డు చెయ్యబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. మిగిలింది ఈ సినిమా ఒక్కటే, అందులోనూ ఆమె మామూలు గొంతు ఒక్క చోటే ఉంది. చివర్లో దెయ్యం వదిలిపోయాక పాప కళ్లు తెరిచి తల్లిని పిలుస్తుంది. "ఇదిగో... ఇక్కడున్నా." అప్పటికి ఆమె అలసిపోయి, నటించే ఓపిక లేక, వంటగదిలోంచి మొగుణ్ణి కేకేసినట్టే అనేసింది. డైరెక్టరు దాన్నే ఉంచేశాడు.

జనం ఫోన్లలో తిరిగే కాపీలో ఆ చివరి రీలు లేదు. ఇన్నేళ్లకు ఏదో గోదాములో దొరికింది. ఇవాళ మధ్యాహ్నం పాత శబ్దంతో ఒకే ఒక్క ఆట. ఆ తర్వాత కంపెనీవాళ్లు కొత్తవాళ్లతో మాటలు చెప్పించి మళ్లీ విడుదల చేస్తారు. ఆ సంగతి పోస్టరు మీదే గొప్పగా వేసుకున్నారు.

"ఆగిపోయావేంటి నాన్నా? మోకాలా?" అంది కూతురు. ఆమె భుజం మీద ఐదేళ్ల పిల్ల నిద్రపోతోంది. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. దాన్ని చూసుకునే ఆమె ఆఖరు నిమిషంలో రానంది.

"మోకాలికేం, నాకంటే అదే హుషారుగా ఉంది. పద."

హాలు నిండిపోయింది. తెర మీద పాప నోరు తెరవబోతే చాలు, జనం ముందే అందుకుంటున్నారు. ఒకప్పుడు దుప్పట్లో తల దూర్చి విన్న మాటల్ని ఇప్పుడు కోరస్‌గా అంటూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పళ్లాయన కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. చిన్నప్పుడు అంత భయపడ్డవాళ్లు కదా, నవ్వుకోనీ అనుకున్నాడు. చివరి రీలు వీళ్లలో ఎవరూ చూసి ఉండరు, అక్కడ ఏ మాట అందుకోవాలో ఎవరికీ తెలియదు. అదొక్కటే ధైర్యం.

దాని ముందు రీల్లో పిడుగు లేచింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గోడంత మొహం, చుట్టూ నవ్వే పెద్దవాళ్లు. వాళ్లు నవ్వేకొద్దీ పిల్ల ఇంకా బెదిరి ఏడుపు లంకించుకుంది.

"దీన్నెందుకు తెచ్చారండీ, తెర మీదున్నది చాలదా?" అన్నారు వెనకెవరో.

కూతురు లేవబోయింది. "నేను తీసుకెళ్తా. నువ్వు విను."

"నువ్వు కూర్చో. నీకింకా చాలా ఏళ్లు కావాలి ఆ గొంతు. నాకు కొన్నాళ్లు చాలు."

ఆమె ఏదో అనేలోపే ఆయన పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు.

బయట నేల తుడిచే ఆవిడ చీపురుకర్రకు ఆనుకుని నిలబడి ఉంది. అడక్కుండానే కాగితం కప్పులో నీళ్లు తెచ్చిచ్చింది. పిడుగు రెండు గుక్కలు తాగింది. తలుపు వెనకనుంచి ఆ గొంతు వచ్చింది. పిల్ల తాత మెడలో మొహం దాచుకుంది.

"తాతా, అది బయటికొస్తుందా?"

"రాదు. అది మీ అమ్మమ్మే."

పిడుగు తల పైకెత్తింది. "అమ్మమ్మ మనుషుల్ని తింటుందా?"

"అమ్మమ్మా? చేపలో ముల్లు కనబడితేనే కంచం వదిలేసి పోయేది."

"మరి అట్లా ఎందుకంది?"

"ఆఫీసులో అనమన్నారు."

పిడుగు ఒప్పుకున్నట్టు తలూపింది. ఆఫీసులో చెప్తే చెయ్యక తప్పదని దానికి తెలుసు, రోజూ ఇంట్లో వినేదే. ఇక ఫరవాలేదనుకుని ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. పిల్ల ఒళ్లంతా బిగుసుకుపోయింది. "వద్దు తాతా. వద్దు."

"పిల్లని నాకిచ్చి మీరు చూసి రండి, పెద్దాయనా" అంది తుడిచే ఆవిడ. పిడుగు ఆయన చొక్కా ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్లు విడదీయడం పెద్ద పనేం కాదు. ఆయన తలుపు మీదనుంచి చెయ్యి తీసేశాడు.

ఇంతలో లోపల ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. చివరి రీలు మొదలైందన్నమాట. ఆగుతాయని చూశాడు. ఆగలేదు. కుర్చీలు ధడధడలాడాయి, తలుపు అదిరింది. తర్వాత దీపాలు వెలిగి జనం బయటికొచ్చేశారు.

అందరికంటే వెనక కూతురు వచ్చింది.

"అందరూ లేచి నిలబడ్డారు నాన్నా. సంతోషం వాళ్లకి. కూర్చోండి కూర్చోండి అని అరిచా. నా అరుపు నాకే వినపళ్లేదు."

"పాప కళ్లు తెరిచిందా?"

"తెరిచింది. పెదాలు కదిలాయి."

"అప్పుడైనా తగ్గలేదా?"

"అప్పుడే ఎక్కువైంది."

పేరు కూడా వెయ్యని మనిషికి అంతమంది లేచి చప్పట్లు కొట్టారు. మరోరోజైతే పళ్లాయన ఆ మాట తలుచుకుని పొంగిపోయేవాడే.

కూతురు హాలు మేనేజరును పట్టుకుంది. "ఇంకొక్కసారి వేస్తారా? చివరి రీలు ఒక్కటే. మేమిద్దరమే కూర్చుంటాం."

"డబ్బాలు వ్యానెక్కి వెళ్లిపోయాయమ్మా. అంత నచ్చిందా? కొత్త గొంతులతో వస్తుంది చూడండి, ఇంకా అదిరిపోతుంది." ఆయన మంచిగానే చెప్పాడు.

వీధిలో జనం ఇంకా ఆ గొంతు పెట్టుకుంటూ పోతున్నారు. ముగ్గురూ బస్టాపులో నిలబడ్డారు.

"అమ్మ ఎలా అనేది నాన్నా, ఇదిగో అని?"

పళ్లాయన గొంతు సవరించుకుని అన్నాడు. అది ఆయన గొంతే.

"కాదు. చివర కొంచెం పైకి లేచేది" అని ఆమె అని చూపించింది.

"అదీ కాదు" అన్నాడాయన.

బస్సు వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరు, పక్కవాళ్లకు వినబడకుండా, అంటూనే ఉన్నారు.