తొంభై దాటితే వణుకు

నేను ఒక చక్రాన్ని. ఒక తెల్ల కారుకు ముందు ఎడమవైపు ఉంటాను. నాకు నోరు లేదు. తిరగడం ఒకటే వచ్చు. తిరగడంలో తేడా వస్తే వణుకుతాను. ఆ వణుకే నా మాట. ఒకసారి గట్టిగా వణికి ఒక నిజం చెప్పాను. దానివల్ల ఒక మనిషి బతుకు చెడింది. అందులో నా తప్పు ఎంతో మీరు తేల్చండి. మనుషుల తప్పు ఎంతో నేను చెబుతాను.

నా ఇనుము ఒక ఊరిది, నా రబ్బరు ఇంకో ఊరిది. రేకును వంచి, అతికించి అంచు చేశారు. దానికి టైరు తొడిగి గాలి కొట్టారు. తరవాత ఒక యంత్రానికి బిగించి గిరగిరా తిప్పారు. ఏ చక్రమూ పుట్టుకతో సమంగా ఉండదు. ఏదో ఒక పక్క కాస్త బరువు ఉంటుంది. ఆ యంత్రం ఆ పక్కను పట్టుకుంటుంది. నాకు పదిహేను గ్రాములు తేడా ఉందని చెప్పింది. ఎదురుపక్క అంచుకు అంత బరువున్న బిళ్ల కొట్టి, నన్ను మంచి చక్రం అన్నారు. మనుషుల కోసం కూడా అలాంటి యంత్రం ఒకటి చేసి ఉండవచ్చు. చేసినా ఎవరూ ఎక్కరు.

ఒంగోలులో ఒక షోరూమ్‌లో నన్ను, నా కారును కొన్నది మాలకొండయ్య. అరవై దాటిన మనిషి. కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ ఫోటో కోసం నిలబడితే ఆయన మాత్రం పంచె ఎగ్గట్టి నేల మీద బోర్లా పడుకున్నాడు. నా టైరు మీది నంబరు చదివి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత మిగతా మూడింటి నంబర్లూ రాసుకున్నాడు.

"ఎందుకండీ అయ్యన్నీ?" అంది షోరూమ్ అమ్మాయి.

"రేపు సర్వీసుకు తెస్తే కొత్తయి తీసి పాతయి బిగించరని ఏంది నమ్మకం?"

ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆయన అంతకుముందు జీపు నడిపేవాడు. అది మేదరమెట్ల దగ్గర బోల్తా పడింది. ఎడమవైపు సీట్లో కూర్చున్న భార్య కోటమ్మ అక్కడికక్కడే పోయింది. నడిపింది ఆయనే. బ్రేకులు పట్టలేదని ఆయన అన్నాడు. బ్రేకులు బాగానే ఉన్నాయని మెకానిక్ అన్నాడు. అప్పటినుంచి ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎవరినీ నమ్మలేదు. అందరినీ అనుమానిస్తూ ఉంటే తనను తాను అనుమానించుకునే పని ఉండదు.

అందుకే డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. పేరు జాలయ్య. నలభై రెండేళ్లు. పదిహేనేళ్లు లారీ తోలి వెన్ను పాడుచేసుకుని, చిన్న బండి చాలనుకున్నాడు. కిరాయిలకు బస్టాండు పక్కన కార్ల స్టాండులో నిలబడేవాళ్లం. అక్కడ ఎవరి చేతికి తాళం ఇవ్వాలో కాగితాలు చెప్పవు, పక్క డ్రైవర్ల నోళ్లు చెబుతాయి. 'వాడు బండి పాడుచేస్తాడు' అని ఒకసారి పేరుపడితే జిల్లాలో ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. జాలయ్యకు పొలం లేదు, ఇల్లు లేదు. ఉన్నది ఆ మంచిపేరు ఒక్కటే.

మొదటి కిరాయికి ముందురోజు పొద్దున, జాలయ్య ఇంకా రాకముందు, మాలకొండయ్య ఒక్కడే షెడ్డులోకి వచ్చాడు. జాకీ పెట్టి నన్ను విప్పాడు. జేబులోంచి ఒక తాయెత్తు తీశాడు. మెడలో కట్టుకునే రకం కాదు, బొటనవేలంత లావు సీసపు గొట్టం. పొదిలి దారిలో ఒక రేకుల షెడ్డులో కూర్చునే సామి ఇచ్చాడు. దాన్ని నా అంచు లోపలి వైపు పెట్టి, బ్రేకుకు తగులుతుందేమోనని వేలితో కొలిచి, పైపు లీకులకు పూసే, ఆరితే రాయయ్యే ముద్దతో అతికించి, పైన మసి పూశాడు. పెట్టిన సంగతి ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఫలించదు, అది సామి మాట. ఎడమ చక్రమే ఎందుకో నాకు చెప్పనక్కరలేదు. ఎడమ సీటు నా పైనే ఉంటుంది.

నన్ను మళ్లీ బిగించి దణ్ణం పెట్టుకున్నాడు. నన్ను సమంగా ఉంచిన పదిహేను గ్రాముల లెక్క ఆ క్షణానే తప్పింది.

మర్నాడు ఇద్దరూ విజయవాడకు బయలుదేరారు, అక్కడినుంచి ఒక కుటుంబాన్ని తేవాలి. యాభై, అరవై వేగం దాకా ఏమీ లేదు. డెబ్భై అయిదు దగ్గర నాకు దురద మొదలైంది. తొంభైకి వచ్చేసరికి నేను సెకనుకు పన్నెండుసార్లు తిరుగుతున్నాను. పన్నెండుసార్లూ ఆ సీసం పది కిలోల బలంతో నన్ను బయటికి లాగుతోంది. నేనేం చేయను? వణికాను. స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ కిందపడింది.

"ఏం గుద్దావురా?" అన్నాడు మాలకొండయ్య. అదే ఆయన మొదటి మాట.

"గుద్దటమేందయ్యా! మీరు పక్కనే ఉండారుగా."

"నిన్న పెట్రోలు కొట్టిచ్చుకు రమ్మంటే పోయావు. అప్పుడు నేను లేనుగా."

జాలయ్య వేగం తగ్గించాడు. అరవైకి నేను ఊరుకున్నాను.

తరవాత నాలుగు రోజులు జాలయ్య నన్ను చదివాడు. నాకు తెలిసిన మనుషుల్లో నా మాట విన్నది అతనొక్కడే. తొంభైలో గేరు తీసి న్యూట్రల్ చేశాడు. వణుకు పోలేదు. అంటే ఇంజను కాదు. బ్రేకు తొక్కకుండా చూశాడు, తొక్కి చూశాడు. రెండూ ఒకటే. అంటే బ్రేకు పళ్లెం కాదు. సీటు ఊగడం లేదు, స్టీరింగే ఊగుతోంది. అంటే వెనక చక్రాలు కాదు, ముందువి. తారు మీదా అంతే, సిమెంటు రోడ్డు మీదా అంతే. ఇవన్నీ వరుసగా చెప్పి చివర అన్నాడు.

"ముందు చక్రం బరువు తప్పిందయ్యా. ఊడదీసి మిషను మీద పెడితే పది నిమిషాల పని."

మాలకొండయ్య కళ్లు చిన్నవి చేసి విన్నాడు. "ఇన్ని తెలిసినోడివి. ఎక్కడ గుద్దావో మాత్రం తెలవదా?"

మనుషుల్లో ఈ గుణం నాకు అంతుపట్టదు. జబ్బు కనిపెట్టినవాడే జబ్బు తెచ్చాడంటారు.

షోరూమ్‌కు తీసుకెళ్లారు. అక్కడి మెకానిక్ ఊళ్లోనే నలభైలో ఒక చుట్టు తిప్పి ఏమీ లేదన్నాడు. జాలయ్య పట్టుబట్టి బైపాసు మీదికి తీసుకెళ్లాడు. ఎనభై దాటగానే మెకానిక్‌కూ వణుకు తెలిసింది. తిరిగొచ్చి, "చక్రాలు విప్పి బ్యాలెన్సింగ్ చూడాలి సార్" అన్నాడు.

"ఎక్కడ విప్పుతారు?"

"లోపల వర్క్‌షాప్‌లో సార్. మీరిక్కడ ఏసీలో కూర్చోండి."

"నేను ఏసీలో కూర్చుంటే మీరు లోపల టైర్లు మారుస్తారా? చక్రం మీద చెయ్యి పడిందంటే ఊరుకోను."

టైర్లు మారుస్తారన్న భయం నిజమే. తాయెత్తు బయటపడుతుందన్న భయమూ నిజమే. రెండింటిలో ఏది పెద్దదో ఆయనకే తెలియదు. ఆ తాయెత్తు మీద మాత్రం అనుమానం రాలేదు. అది కాపాడే వస్తువు కదా. అంత బండిని బొటనవేలంత సీసం ఊపగలదని ఆయన ఊహకే అందలేదు. చక్రాలు విప్పకుండా అలైన్‌మెంట్ ఒక్కటి చేసి పంపారు. అది నా నడకను సరిచేస్తుంది, నా బరువును కాదు. నేను వణుకుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం స్టాండులో పదిమంది ముందు మాలకొండయ్య అనేశాడు. "కొత్త బండి. వారం తిరక్కుండా గుద్ది పెట్టాడు. అడిగితే సైన్సు చెబుతున్నాడు."

డ్రైవర్లు నవ్వారు. "ఏందిరా జాలయ్యా, లారీ అనుకున్నావా?" అన్నాడొకడు. జాలయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు. మర్నాడు పొద్దున ఓనరును అడగకుండా బండిని తిన్నగా బైపాసు పక్కన మీరావలి టైర్ల కొట్టుకు తెచ్చాడు. తన పేరు తనే కడుక్కుందామనుకున్నాడు. గాలికీ పంచరుకూ వచ్చిన డ్రైవర్లు అయిదుగురు అక్కడున్నారు. వాళ్లు చూడాలనే వాళ్లున్న వేళకు వచ్చాడు.

మీరావలి నన్ను విప్పి యంత్రానికి బిగించాడు. పుట్టినరోజు తరవాత మళ్లీ ఆ యంత్రం. నాకు సంతోషం వేసింది. ఇక దాచేదేమీ ఉండదనుకున్నాను. అంకె పడింది. లోపలివైపు ఎనభై అయిదు గ్రాముల తేడా.

"కొత్త చక్రానికి ఇంత రాదే" అంటూ మీరావలి నన్ను తిప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. మసి చెరిపితే ముద్ద కనిపించింది. ఉలి పెట్టి కొట్టాడు. సీసపు గొట్టం ఊడి కిందపడింది.

అప్పుడే ఆటో దిగాడు మాలకొండయ్య. ఎవరో ఫోను చేశారు. "ఎవడ్నడిగి విప్పావురా నా బండి?" అని కేకేస్తూ వచ్చి, నేల మీద గొట్టాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇది మీరు పెట్టిచ్చారా పెద్దాయనా?" అన్నాడు మీరావలి.

ఒక్క మాట చాలు. అవును అంటే అయిపోయేది. ఆయన పెదవి కదిలింది. "నాకేం తెలుసు? చక్రాల దగ్గర తిరిగేది వాడేగా."

మీరావలి గొట్టం చీల్చాడు. లోపల రాగి రేకు. విప్పితే గళ్లు, అక్షరాలు. నడిమధ్య గడిలో ఒక పేరు, కింద ఒక నక్షత్రం. మీరావలి పైకి చదివాడు.

"జాలయ్య. ఉత్తర."

అది నాకూ తెలియదు. అన్ని రోజులు మోసినా లోపల ఏముందో నాకు తెలియదు. అయిదుగురు డ్రైవర్లూ ఒక అడుగు వెనక్కి వేశారు. జాలయ్య ఆ రేకు వంక, మాలకొండయ్య వంక మార్చి మార్చి చూశాడు.

"చూశారుగా" అన్నాడు మాలకొండయ్య.

"పెట్టుకున్నోడే తెచ్చి విప్పిచ్చుకుంటాడా?" అన్నాడు మీరావలి. ఎవరూ వినిపించుకోలేదు. ఓనరును తన చేతుల్లో పెట్టుకోవడానికి చేతబడి చేయించాడని ఒకడు, బండి తనకే రాసిచ్చేలా చేయించాడని ఇంకొకడు. మధ్యాహ్నానికి ఆ మాట స్టాండుకు చేరింది. జాలయ్య తాళం బానెట్ మీద పెట్టి నడుచుకుంటూ వెళ్లాడు.

ఆ రోజు బండిని ఇంటికి తెచ్చింది మాలకొండయ్యే. ఎన్నేళ్ల తరవాతో స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను సమంగా, హాయిగా తిరుగుతున్నాను. ఆయన ముప్ఫై దాటలేదు. సగం దారిలో ఖాళీగా ఉన్న ఎడమ సీటుతో మాట్లాడాడు.

"నడిపేవాడు చల్లగా ఉంటే బండి చల్లగా ఉంటదన్నాడు సామి. పేరడిగాడు. చెప్పా. వాడి మంచికేగా కోటమ్మా నేను చెప్పింది?"

ఆయన ఈ లోకంలో ఒక మనిషి బాగుండాలని కోరుకుంది ఆ ఒక్కసారే. ఆ కోరికతోనే వాణ్ణి ముంచాడు.

మూడో రోజు పట్టపగలు జాలయ్య షెడ్డుకు వచ్చాడు. గొడవపడలేదు.

"నా నక్షత్రం స్టాండులో ఎవరికీ తెలవదయ్యా. పన్లో చేరిన రోజు మీరడిగితే చెప్పా. మీకొక్కరికే."

మాలకొండయ్య నా అంచు వైపు చూస్తున్నాడు.

"డబ్బులొద్దు, పనొద్దు. స్టాండుకొచ్చి నేనే పెట్టానని ఒక్క మాట చెప్పండి."

"చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలిరా?"

"మరి నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో అది కూడా మీరే చెప్పండయ్యా."

మాలకొండయ్య లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆలోచించి చూడండి. తాయెత్తు పగిలింది. చెబితే ఫలించదన్న భయం ఇక లేదు. దాచడానికి కారణమే లేదు. అయినా చెప్పలేదు. సామి మాటకు కట్టుబడ్డాడని అప్పటిదాకా నేను కూడా అనుకున్నాను. అనుకుని మోసపోయాను.

జాలయ్య ఇప్పుడు మార్కెట్ యార్డులో మిరపకాయ బస్తాలు మోస్తున్నాడు, ఆ వెన్నుతోనే. ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు.

మాలకొండయ్య ఇంకో డ్రైవర్ కోసం స్టాండుకు వెళ్లాడు. అడిగిన ప్రతివాడూ ఏదో పని ఉందన్నాడు. చివరికి ఒక ముసలి డ్రైవర్ మొహం మీదే చెప్పాడు. "చేతబడి చేసిన బండంటగా. మీరేగా చెప్పింది? మాకు పెళ్లాం పిల్లలుండారు సామీ." ఆయన పుట్టించిన మాటే ఆయనకు అడ్డం నిలిచింది. అమ్మబోయాడు. చూడడానికి వచ్చినవాళ్లు స్టాండులో ఒకసారి విచారించి వెళ్లిపోయారు.

అప్పటినుంచి షెడ్డులోనే ఉన్నాం. ఏడు నెలలు. నా మీద బండి బరువంతా ఒకే చోట పడుతోంది. గాలి కొద్దికొద్దిగా దిగుతోంది. నేలకు ఆనిన చోట నా రబ్బరు చదునుగా దిగబడింది. అది ఇక పైకి లేవదు. చక్రం ఎక్కువకాలం నిలబడితే గుండ్రం పోతుంది. ఇదీ ఏ షోరూమూ చేసింది కాదు, ఏ డ్రైవరూ చేసింది కాదు.

రోజూ పొద్దున ఆయన వస్తాడు. నాలుగు టైర్ల నంబర్లూ పుస్తకంలో సరిచూసుకుంటాడు. ఎవరూ మార్చలేదని తేల్చుకుని వెళ్తాడు. ఎప్పుడో ఒకరోజు ఈ బండిని బయటికి తీస్తాడు. హైవే ఎక్కగానే నేను మళ్లీ వణుకుతాను. అప్పుడు పక్కకు తిరిగి, ఏం గుద్దావురా అని ఎవరిని అడుగుతాడో చూడాలి.