ఆఖరి సైకిలు

ఆదివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాల్సిన నలభై సైకిళ్లు ఏడుంబావు అవుతున్నా జావాలోని జెతిస్ పంచాయతీ ఆఫీసు ముందే నిలబడి ఉన్నాయి. రుమియాతికి ఇది కొత్త కాదు. అయినా ప్రతి ఆదివారం చిరాకు మాత్రం కొత్తగానే వస్తుంది. ఒకరు టీ తాగుతుంటారు, ఒకరు చక్రానికి గాలి కొట్టుకుంటుంటారు, ఇంకొకరు పక్కవాడి సైకిలు గంట పట్టుకుని ఇది అసలు డచ్చిదేనా, సురబాయాలో చేసిన నకలా అని వాదిస్తుంటారు. అన్నీ డచ్చివాళ్ల కాలం నాటి నల్ల సైకిళ్లు. వాటినెక్కేవాళ్లలో సగం మంది ఇంచుమించు ఆ వయసువాళ్లే.

రుమియాతి పని అందరికన్నా చివర రావడం. నారింజరంగు చేతుల్లేని కోటు తొడుక్కుని, ఎవరూ దారిలో వెనకబడిపోకుండా చూసుకుంటూ రావాలి. ఆ కోటు చేరేదాకా అవతల ఇమొగిరిలో ఎవరూ తిండిపొట్లం విప్పకూడదు, తిరుగుదారి పట్టకూడదు. పాత సైకిళ్ల క్లబ్బు పెద్ద దనాంగ్ పెట్టిన నియమం అది.

ఆ కోటు ఆమె అడిగి తీసుకున్నదే. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆమె భర్త సుమత్రాలో తోటపనికి బయలుదేరిన పొద్దున, పొయ్యి మీద అన్నం అడుగంటుతోందేమోనని ఆమె లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేసరికి బస్సు మలుపు దాటిపోయింది. మనిషి మళ్లీ రాలేదు. అన్నం అడుగంటనూ లేదు. అప్పటినుంచి ఎవరు వెళుతున్నా సరే, కనుమరుగయ్యేదాకా చూస్తేగానీ ఆమె కాలు కదపదు. అందరికీ వెనక ఉంటే అందరూ కనిపిస్తారు. తొమ్మిదేళ్లుగా అలాగే చూస్తూ వస్తోంది.

"పిన్నీ, టీ తాగు," అంటూ దనాంగ్ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. టీలో పటికబెల్లం ముక్క ఇంకా కరగలేదు. రాత్రి పడ్డ వాన గురించి, ఆమె పెరట్లో కొబ్బరిచెట్టు గురించి, వాళ్లమ్మ కీళ్లనొప్పుల గురించి మాట్లాడాడు. రుమియాతి సగం గ్లాసు తాగింది.

"ఏరా, కీళ్లనొప్పుల దాకా వచ్చావు. అసలు మాట ఎప్పుడు?"

దనాంగ్ నేలచూపులు చూశాడు. "మాస్టారి సంగతి పిన్నీ. వచ్చేవారం నుంచి ఆయన పొట్లాలు తెచ్చే పరిమిన్ వ్యాన్లో వస్తే బాగుంటుందని కమిటీ అనుకుంది. సైకిలు కూడా వ్యాన్లోనే ఎక్కిస్తాం. గౌరవంగానే."

"అయితే చెప్పండి."

"మేమెలా చెబుతాం? నాలుగో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పింది ఆయన. కమిటీలో తొమ్మండుగురం ఉంటే ఏడుగురం ఆయన బెత్తం తిన్నవాళ్లం."

"మిగతా ఇద్దరు?"

"వాళ్లు ఆయన బెత్తం పక్క తరగతి నుంచి విన్నవాళ్లు." దనాంగ్ నవ్వబోయి మానేశాడు. "నువ్వయితే ఆయన దగ్గర చదవలేదు. పైగా వెనక మీరిద్దరే ఉంటారు. మాట్లాడుకోవడానికి బోలెడు టైము."

"టైముకేం. ఆయన సైకిలు మీద ఉండేదానికన్నా నేలమీద ఉండేదే ఎక్కువ."

"అదే కదా గొడవ. పోయినవారం పొట్లాలు విప్పేసరికి పదకొండయింది. షుగరువాళ్లు ఇద్దరు కళ్లు తిరిగి కూర్చున్నారు."

అతను చెప్పింది అబద్ధం కాదు. అదే ఆమెకు మరీ చిరాకనిపించింది. నిరుడు తుకినాకూ ఇలాగే గౌరవంగా చెప్పారు. తుకినా చాలా సంతోషమంది, రెండు ఆదివారాలు వ్యాన్లో వచ్చింది, మూడో ఆదివారం మనవరాలికి జ్వరమంది, ఆపైన రాలేదు. ఆమె సైకిలు ఇప్పుడు రింగురోడ్డు పక్కన కాఫీ హోటల్లో గోడకు వేలాడుతోంది, ముందు బుట్టలో ప్లాస్టిక్ పూలతో. మాస్టారు కూడా అలాగే చాలా సంతోషమంటారు. అలాగే మాయమవుతారు. ఆ మాట తన నోటితో అనమంటున్నాడు వీడు.

"ఇమొగిరి చేరేలోపు చెప్పెయ్ పిన్నీ," అని దనాంగ్ ఖాళీ గ్లాసు పట్టుకుని పోయాడు.

ఏడున్నరకు సైకిళ్లు కదిలాయి. ఎనిమిదింటికి రుమియాతికి కనుచూపు మేరలో మిగిలింది ఒక్క మాస్టారే.

హార్జోనో మాస్టారికి డెబ్బయ్యారేళ్లు. గీతల చొక్కా, తలకు బిగుతుగా బతీక్ అద్దకపు టోపీ, వీపు కర్రలా నిటారు. ఊళ్లో ఇళ్ల ముందు నుంచి పోయేటప్పుడు అరుగుమీద కూర్చున్నవాళ్లకు 'మోంగ్గో' అని మర్యాద చెప్పుకుని పోవాలి. క్లబ్బులో అందరూ చెబుతారు, తొక్కడం ఆపకుండా, తల కాస్త వంచి. మాస్టారు దిగుతారు. సైకిలు పక్కన నిలబెట్టి, నడుము వంచి, "మోంగ్గో" అంటారు. వాళ్లు లోపలికి రండి అంటారు. ఈయన మరోసారి వస్తానంటారు. వాళ్లు కనీసం టీ అయినా అంటారు. ఇదంతా అయ్యాక మళ్లీ ఎక్కుతారు. నలభై గజాల దూరంలో ఇంకో అరుగు ఉంటుంది.

"మాస్టారూ, మీ సైకిలుకు పెడళ్లు రెండే, దండాలు మాత్రం వంద," అంది రుమియాతి.

"దిగకుండా పోతే పెంపకం బాగాలేదంటారు చెల్లెమ్మా."

"మిమ్మల్ని పెంచినవాళ్లు ఈ వీధిలో ఎవరూ లేరు."

"అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి," అన్నారాయన.

నాలుగురోడ్ల దగ్గర ప్రతివారం ఉండే తగువు వచ్చింది. మాస్టారు బ్రేకు వేసి చేయి చాపారు. "ముందు నువ్వు, చెల్లెమ్మా."

"కోటు నాది. మీరే ముందు."

"ఆడమనిషిని వెనక వదిలేసి నేను పోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"తొమ్మిదేళ్లుగా చూస్తున్నారు మాస్టారూ. ఏమీ అనుకోలేదు."

"అనుకున్నా మొహం మీద అనరు కదా."

వెనక సిమెంటు లారీ ఆగి హారన్ మోగించింది. డ్రైవరు తల బయటపెట్టి, "తాతా, మీ ఇద్దరికీ కుదరకపోతే నేను పోతాను," అన్నాడు. మాస్టారు సైకిలు దిగి అతనికి కూడా మోంగ్గో చెప్పారు. లారీ ముందు వెళ్లింది. ఆ తర్వాత ఆయన, చివర రుమియాతి. ఇక్కడ చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. ఆయన వెనక్కి తిరిగి, నీ కోడలికి ఎన్నో నెల అని అడిగారు. మాట మళ్లీ లోపలికే పోయింది.

చెరకుతోటలు దాటాక కాలువ మీద వంతెన ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. మాస్టారు దాన్ని ఎక్కి, అవతల మొదటి ఇంటి ముందు దిగారు. నడుము వంచి "మోంగ్గో" అన్నారు. ఇంక ఎవరితో ఎంతసేపో అనుకుంటూ రుమియాతి పళ్లు బిగించి ఆ ఇంటివైపు చూసింది.

అరుగుమీద ఎవరూ లేరు. తలుపుకు తాళం వేసి ఉంది. కుర్చీ గోడకు బోర్లించి ఉంది. చూరు కింద పావురం పంజరం కూడా ఖాళీదే.

మాస్టారు వంచిన నడుము ఎత్తలేదు. ఎడమచేయి సైకిలు సీటును గట్టిగా పట్టుకుని ఉంది, కణుపులు తెల్లబడేంత గట్టిగా. పంట్లాం లోపల కుడిమోకాలు వణుకుతోంది. చొక్కా వీపు మీద గీతలు చెమటకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన ఊపిరి అందే దాకా ఆ తాళానికి మర్యాద చేస్తూనే ఉన్నారు.

రుమియాతికి ఆయన దిగిన ఇళ్లన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. బడి ఎదుటి ఇల్లు, ఎత్తు ఎక్కాక. ఇటుకబట్టీ పక్క ఇల్లు, రెండో వంతెన దాటాక. నిరుడంతా, ఈ ఏడాదంతా. తను వెనకే వస్తూ, కళ్లింత చేసుకుని అందర్నీ కాపలా కాస్తూ, చూడాల్సింది చూడలేదు. ఆయన మీద కోపం వచ్చింది, దనాంగ్ మీద వచ్చింది, అందరికన్నా ఎక్కువ తన మీద వచ్చింది. ఆమె సైకిలు దిగి, ఆయన పక్కన నిలబడి, తాళంవైపు తల వంచి "మోంగ్గో" అంది.

మాస్టారు మెల్లగా నడుము ఎత్తారు.

"ఇంట్లో ఎవరూ లేనట్టున్నారు," అన్నారు మాస్టారు చివరికి.

"పొలానికి వెళ్లుంటారు."

"అయినా పలకరించకుండా పోతే బాగుండదు."

"బాగుండదు."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. "దనాంగ్ పొద్దున నీకు టీ ఇచ్చాడు."

"ఇచ్చాడు."

"నాకు రెండుసార్లు ఇచ్చాడు. లెక్కలు చేసుకురాని రోజు వాడు నా బల్లమీద జామకాయ పెట్టేవాడు. రెండు పెట్టాడంటే పుస్తకమే తేలేదని అర్థం." రుమాలు నాలుగు మడతలు పెట్టారు. "ఏం చెప్పమన్నాడు?"

"ఏదో చెప్పమన్నాడు. నేను చెప్పను," అంది రుమియాతి. "వాడికి మీరంటే భయం, మీకు లోకమంటే మొహమాటం. మధ్యలో అందరికీ నేనే దొరికాను. మోకాలు నొప్పి అని ఒక్క ముక్క అంటే మీ పెంపకం ఎక్కడికి పోతుంది?"

మాస్టారు తాళంవైపే చూస్తున్నారు. "అంటే ఊరుకుంటారా? వ్యాన్ ఎక్కమంటారు. తుకినా ఎక్కింది కదా."

రుమియాతి కోటు గుండీలు చరచరా విప్పి ఆయన చేతిలో పెట్టింది. "ఇది వేసుకోండి. తొమ్మిదేళ్లుగా భుజాలు ఒరుసుకుపోతున్నాయి నాకు. ఇకనుంచి మీదే."

ఆయన కోటును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది వేసుకున్నవాళ్లు చివరే రావాలి కదా?"

"చివరే రావాలి. ఎంతసేపయినా సరే."

"తొందరపడకూడదు."

"పడితే అది తప్పు."

మాస్టారు గీతల చొక్కా మీద కోటు తొడుక్కుని, గుండీలు ఒక్కొక్కటే పైదాకా పెట్టుకున్నారు. ఆపైన చేయి చాపారు. "మరి ముందు నువ్వు, చెల్లెమ్మా."

తొమ్మిదేళ్లలో ఆమె ఎవరికీ ముందు పోలేదు. ముందుపోతే వెనక ఏం జరుగుతోందో తెలియదు.

"గంట కొడుతూ రండి," అంది సైకిలెక్కుతూ. "నాకు వినబడాలి. ఆగినప్పుడు కూడా."

"ఆగినప్పుడు గంట ఎందుకు?"

"కొట్టమన్నానా లేదా?"

ఆయన కొట్టారు. బాతులకు కొట్టారు, మేకలకు కొట్టారు, ఆరబోసిన ధాన్యానికి కొట్టారు. ఇమొగిరి దారి పొడవునా ఆ ఇనప గంట చెవుల్లో మేకులు దిగ్గొట్టినట్టు మోగుతూనే ఉంది. ఇంత అవసరమా అని ఆమె విసుక్కుంది. రెండో వంతెన దాటాక గంట ఆగిపోయింది. రుమియాతి కాలు నేలకు ఆనించి వెనక్కి చూసింది. మలుపు, వెదురుపొద, ఖాళీ రోడ్డు. పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకు వచ్చిన పొద్దున కూడా రోడ్డు ఇలాగే ఉంది. ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెట్టసాగింది. ముప్పయి ఒకటి దగ్గర గంట మోగింది.

"ప్రాణం తీస్తాడు ఈ మనిషి," అనుకుని మళ్లీ పెడల్ తొక్కింది.

ఇమొగిరిలో ముప్పయ్యెనిమిది మంది చెట్లకింద విప్పని పొట్లాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. గ్లాసుల్లో లవంగాకు కషాయం ఎర్రగా చల్లారిపోతోంది. దనాంగ్ ఎదురొచ్చాడు.

"పిన్నీ, కోటేది?"

"మాస్టారి ఒంటిమీద ఉంది."

"మాస్టారెక్కడ?"

"కోటు లోపల."

దనాంగ్ ఆమె వెనక రోడ్డువైపు చూశాడు. "చెప్పలేదా నువ్వు?"

"నువ్వే చెప్పు నాయనా. రాగానే ఎదురెళ్లి, కోటు విప్పి వ్యానెక్కండి మాస్టారూ అను. పక్కనే నిలబడతాను."

కమిటీ తొమ్మండుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

"కోటు వచ్చేదాకా తినకూడదని నియమం మనమే పెట్టాం," అన్నాడు ఒకాయన నీరసంగా.

"మరి షుగరువాళ్ల సంగతో?" అన్నాడు దనాంగ్.

"బయలుదేరేముందు తలా రెండు అరటిపళ్లు పెట్టు. లేకపోతే కమిటీ ఎందుకు?" అంది రుమియాతి.

ఇరవై నిమిషాలకు బజారు మలుపులో గంట వినిపించింది. వెనకే నారింజరంగు కనిపించింది. అందరూ పొట్లాల దారాల మీద చేతులు వేశారు. మొదటి కొట్టు ముందు గంట ఆగింది. మాస్టారు దిగి, సైకిలు నిలబెట్టి, నడుము వంచి కొట్టావిడకు "మోంగ్గో" అనడం చెట్లకింద అందరికీ వినిపించింది. ఎవరో పెద్దగా మూలిగారు.

"ఇంకా తొమ్మిది కొట్లున్నాయి," అంది రుమియాతి. "కూర్చోండి."

తను మాత్రం కూర్చోలేదు.