నిటారు వాలు మీద ఆవుల పేర్లు

ముందు ఈ పిల్లచేత గారు అనడం మానిపించాలి, హెడ్విగ్ గారూ ఎడమ అనేలోపు నేను తిరగాల్సిన గేటు దాటిపోతుంది, గుడ్డిదాన్ని, నాకు కావలసింది మర్యాద కాదు, వేళకి మాట, ఈ ముక్కే పొద్దున కొండ మీదికి ఎక్కించే లిఫ్టులో చెప్తే థెక్లా నవ్వి సరేనండీ అంది, మళ్ళీ అండీ, పందొమ్మిదేళ్ళ పిల్ల, వీపుకి స్పీకరు కట్టుకుని నా ముందు స్కీల మీద జారుతూ పోతుంది, ఆ గొంతు పట్టుకుని నేను వెనకాల, నల్ల టేపు అంటించిన కళ్ళద్దాలతో, పుట్టుకతోనే చూపు లేనిదానికి ఆ టేపు ఎందుకో, రూలంటే రూలే, ఈ రెండో పరుగులో మొదటి ముగ్గురిలో ఉంటే జట్టులో చోటు, లేదంటే ముప్ఫై ఆరేళ్ళ నన్ను ఇంకెవరూ పిలవరు, అదంతా తెలుసు, తెలిసీ ఈ స్టార్టు గుడిసెలో నిలబడి నా చెవి మాత్రం కోర్బీ గొంతు కోసమే వెతుకుతోంది, నా తమ్ముడి గొంతు కోసం.

పదకొండేళ్ళు నా ముందు వాడే, ఎడమ, కుడి, సరిగ్గా తిరగాల్సిన క్షణాన హోప్, మధ్యలో ఊరుకుంటేనా, వట్టి వాగుడుకాయ, నిటారు వాలు రాగానే మా కొట్టంలో ఆవుల పేర్లు ఎత్తుకునేవాడు, ఆల్మా, ఫ్లోరా, గెమ్సే, ష్టెర్నీ, తన్నులమారి బ్రౌనీ, నాకు ధైర్యం చెప్పడానికే అనుకునేదాన్ని, ఒరేయ్ నీ ఆవుల సంత తర్వాత, తొందరగా పోరా, నీకంటే ఆ గెమ్సే నయం అని నా హెల్మెట్ మైకులో వాడి చెవిలోకి అరిచేదాన్ని, పోతున్నా మహాతల్లీ అనేవాడు, పోయేవాడు, పతకాలు ఇద్దరి మెళ్ళోనూ వేసేవాళ్ళు, పోయిన మార్చిలోనూ తొందరగా పోరా అన్నాను, మూడుసార్లు అన్నాను, ఫ్లోరా దగ్గర వాడు పడ్డాడు, గొంతు ఆగింది, గొంతు ఆగితే ఆగిపోవాలి, మాకు మొట్టమొదట నేర్పేది అదే, ఆగే వ్యవధి లేకపోయింది, నా స్కీ వాడి మోకాలి మీదుగా పోయింది, ఆ చప్పుడు విన్నాను, ఇప్పటికీ వింటున్నాను.

ఇప్పుడు వాడు చేతికర్రతో నడుస్తాడు, పాలు పితుకుతాడు, ఉప్పు ఇటియ్యి అక్కా, తలుపు వెయ్యి అక్కా, అంతే, రోజుకి నాలుగు మాటలు, నామీద కోపమా అంటే లేదక్కా అంటాడు, ఆ లేదులో ఎంత వెతికినా కోపం దొరకదు, తిట్టినా బాగుండును, చెయ్యి చేసుకున్నా బాగుండును, వాణ్ణి కాస్త వదిలెయ్యవే, ముద్ద చల్లారిపోతోంది తిను అని అమ్మ నా పళ్ళెంలో ఇంకో క్నోడెల్ ముద్ద పడేస్తుంది, ఎలా వదలను, ఈవేళ గెలిచి ఇంటికి వెళ్తే ఏమైనా మాట్లాడతాడేమో, ఆ ఆశతోనేగా వచ్చాను, తీరా లిఫ్టులో ఈ పిల్ల ఏమంది, మీ తమ్ముడుగారు నాకో కాగితం ఇచ్చారండీ, అందులో ఆవుల పేర్లున్నాయి, బట్టీ పట్టేశాను అంది, నాకు ఒళ్ళు మండిపోయింది, అవి నావి, నాకోసం వాడు చెప్పిన పేర్లు, పాత కోటు ఇచ్చేసినట్టు ఎవరికో ఎలా ఇచ్చేస్తాడు.

మూడు, రెండు, ఒకటి, కర్రలు గుచ్చి తోశాను, హోప్, ఎడమ, హోప్, కుడి, గారు లేదు, నయం, చెంపల మీద చలి కోస్తోంది, కింద మంచు గట్టిపడి గరగరమంటోంది, బాగుంది, వేగం బాగుంది, తొందరగా పోవే పిల్లా, పోతున్నానండీ, కుడి, హోప్, కాళ్ళ కింద నేల ఒక్కసారిగా దిగిపోయింది, నిటారు వాలు, ఆల్మా అంటోంది థెక్లా, ఎడమ, ఫ్లోరా, గొంతు వణుకుతోంది, అరె, ఈ వణుకు నాకు తెలుసు, పదకొండేళ్ళు విన్నాను దీన్ని, సరిగ్గా ఇలాంటి చోటే, ఇవే పేర్ల మీద, గతుకుల వల్ల అనుకున్నాను, నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాను, నాకెప్పుడూ భయం లేదు, కనపడని లోతుకి భయమేమిటి, కనపడింది వాడికి, ఆ లోతూ, అంచున పడిపోకుండా కట్టిన వలా, మలుపులో మెరిసే ఐసూ అన్నీ వాడికే కనపడ్డాయి, ఆ పేర్లు నాకు చెప్పలేదు వాడు, తనకి తాను చెప్పుకున్నాడు.

భయపడ్డాడు, నా కోర్బీ, ప్రతి వాలు మీదా భయపడ్డాడు, పోరా అన్నప్పుడల్లా భయపడుతూనే పోయాడు, భయమేస్తోందిరా అని ఒక్కసారి అడిగానా, ఒక్కసారి, ఇంట్లో ఆ మౌనం కోపం కాదు, కోపమైతే కాళ్ళు పట్టుకునైనా పోగొట్టేదాన్ని, వాడికి ఇక ఏ పేర్లూ చెప్పుకోవలసిన పని లేదు, అంతే, కాలు చెడగొట్టుకుని హాయిగా ఉన్నాడు, నా తమ్ముడు నానుంచి తప్పించుకుని హాయిగా ఉన్నాడు, కళ్ళద్దాల లోపల ఏడుపు వెచ్చగా కారుతోంది, గెమ్సే అంటోంది థెక్లా, గెమ్సే, మళ్ళీ గెమ్సే, తర్వాతి పేరు మరిచిపోయింది పాపం, ష్టెర్నీ అన్నాను మైకులో, ష్టెర్నీ, తర్వాత బ్రౌనీ, ఇంకా సగం వాలు ఉంది, మొదటి ముగ్గురూ జట్టులో చోటూ అన్నీ అక్కడ కిందే ఉన్నాయి, ఉండనీ, పదకొండేళ్ళలో ఒక్కనాడూ నా నోట రాని మాట ఇప్పుడు వచ్చింది, వినవలసినవాడు కొట్టంలో ఉన్నాడు, నెమ్మదిగా పో తల్లీ, నెమ్మదిగా, నేను వెనకాలే ఉన్నాను.