ఆడొద్దు

పెళ్ళయి నలభై రోజులు. ఎస్తేరు ఇంకా రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. రాజమండ్రిలో బి.ఏ. చదివిన పిల్ల, జమ్మలమడుగు హైస్కూలు పంతులు ప్రభాకర్‌ని చేసుకుని రెండు గదుల కాపురానికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ చూసిన ప్రతిదానికీ మురిసిపోవడమే పని. పెన్న ఇసుకలో చెలమ తవ్వితే అడుగున నీళ్ళు ఊరడం చూసి చప్పట్లు కొట్టింది. మొగుడు తడిపంచె గాలికి ఎగరేసి ఆరబెడుతుంటే కిటికీ దగ్గర నిలబడి నవ్వుకుంది.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన తొలి వేసవి అది. మట్టల ఆదివారం మొదలు ఈస్టరు దాకా గుడివాళ్ళకు ఊపిరి సలపని వారం. పొద్దున సమాధుల తోటలో కలుపు తీయాలి. మధ్యాహ్నం ఆస్పత్రిలో రోగులకు జాబులు రాసిపెట్టాలి, గంజి పోయాలి. సాయంత్రం గుడిలో పాటలు. ఈస్టరు నాడు చీకటితోనే పాడుకుంటూ తోటకు వెళ్ళి, ఎవరి మనిషి సమాధి మీద వాళ్ళు కొవ్వొత్తి వెలిగించి పూలు పెడతారు. ఎస్తేరు అన్నిటికీ ముందే పేరిచ్చేసింది.

పాటకు పెద్ద వరమ్మ. ఆస్పత్రిలో ఆయా. యాభై దాటినా ఆమె ఎత్తుకుంటేనే పాట లేస్తుంది. హార్మోనియం వాయించే దేవదానం ఆమె శ్రుతికే తన పెట్టెను దిద్దుకుంటాడు.

"ఏమప్పా ప్రభాకరూ, మీ ఆమె పాడతాంటే నా పెట్టె సిగ్గుపడి మూగబోతాంది" అన్నాడు దేవదానం, సోమవారం సాయంత్రం.

"సిగ్గు కాదులే, నీ పెట్టె తిత్తి చినిగిండాది" అంది వరమ్మ. "పాడమ్మీ నువ్వు. గొంతు శానా బాగుండాది."

ఆ మాటతో ఎస్తేరుకు వరమ్మ సొంత అత్తయిపోయింది.

బుధవారం మొగుడితో బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్ళి తడిగోనెలో చుట్టిన బంతినారు తెచ్చింది. గురువారం పొద్దున్నే పార పట్టుకుని తోటలో దిగింది. ఒకరు రాళ్ళకు సున్నం కొడుతున్నారు, ఒకరు గోడవారన ఊడుస్తున్నారు, ఎవరి మూల వాళ్ళది. ఎస్తేరుకు ఆ ఊళ్ళో ఇంకా చచ్చిపోయినవాళ్ళు లేరు. అందుకని ఎవరూ పట్టించుకోని పడమటి మూల తనే తీసుకుంది. ఈస్టరు పాట పాడుకుంటూ, తాళానికి తగ్గట్టు పార ఊపుతూ గడ్డి చెక్కుతోంది.

చంకన కడవతో వరమ్మ అటుగా వచ్చి ఆగింది. ఆస్పత్రి గంట కొట్టారు. పోతూపోతూ చెయ్యి ఊపి కేకేసింది.

"ఈడంతా పీకమ్మీ! ఆడొద్దు!"

ఎస్తేరు నవ్వింది. "నేనెక్కడ ఆడుతున్నానత్తా! చూడు, సాయంత్రానికి అద్దంలా చేసేస్తా!"

వరమ్మకు నవ్వొక్కటే వినబడినట్టుంది. తనూ నవ్వి, గబగబా వెళ్ళిపోయింది.

ఆటలాడొద్దన్న అత్త మాట నిలబెట్టాలని ఎస్తేరు పాటాపి నడుం వంచింది. మూలలో నాలుగైదు తంగేడు చెట్లు, దుమ్ము కొట్టుకుపోయి, ఎండిన కాయలతో గలగలమంటున్నాయి. వేళ్ళు మొండివి. గడ్డపారతో పెకలించి గోడ అవతలికి విసిరింది. మిట్టలు మిట్టలుగా ఉన్న నేలను చదును చేసింది. వరసలు గీసి బంతినారు నాటి, నీళ్ళు పోసింది. ఇంటికి పోయి, బొబ్బలెక్కిన చేతులు మొగుడికి చూపించి గారాలు పోయింది.

ఈస్టరు నాడు, తూరుపు తెల్లబడకముందే, వరమ్మ పాట ఎత్తుకుంది. దేవదానం పెట్టెను మెడకు తగిలించుకుని వెనక నడిచాడు. తోటలోకి రాగానే జనం పాడుతూనే విడిపోయారు. సమాధుల మీద ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. వరమ్మ పాడుకుంటూ పడమటి మూలకు నడిచింది. అత్త ఏమంటుందోనని ఎస్తేరు మొగుడి చెయ్యి పట్టుకుని వెంట వెళ్ళింది.

పాట ఆగిపోయింది.

"నా తంగేడు యాడబాయె?" అంది వరమ్మ.

కొవ్వొత్తి కిందికి దించి బంతి వరసల మీదుగా చూసింది.

"కలరా వచ్చిన యేడు పదకొండు మంది పిల్లోళ్ళను ఈ మూలన్నే పెట్టినారు. నా మరియమ్మకు మూడేండ్లు. రాయి పెట్టించే తాహతు యాడిది? నీళ్ళు పోయకున్నా బతుకుతాదని తంగేడు నాటుకుంటి." ఆమె ఎస్తేరు వైపు తిరిగింది. "ఆడొద్దంటి గదమ్మీ!"

"ఆడుకోవద్దన్నారనుకున్నా..." అంది ఎస్తేరు.

ప్రభాకర్ పులివెందులవాడు. అతనికి అర్థమయింది. "ఆడ అంటే అక్కడ" అన్నాడు మెల్లగా. "అక్కడ వద్దంది."

వరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొవ్వొత్తి కారి వేళ్ళ మీద పడుతోంది, ఆమె చూసుకోవడం లేదు.

"పోతేపోయింది చెట్టు. పీకినదానివి నువ్వే గదా. గోడకు రెండోది నాది, లావుది. యాడుండె? చూపీ. ఇన్నేండ్లూ చెట్టును చూసుకోని వచ్చేదాన్ని, నేలను ఎప్పుడూ చూడల్యా."

ఎస్తేరు నేలంతా వెతికింది. తన చేత్తో గీసిన వరసలు తిన్నగా ఉన్నాయి. ఆ పొద్దుటి పాట గుర్తుంది, చేతుల మంట గుర్తుంది, నారు వేళ్ళకంటిన తడిమట్టి వాసన కూడా గుర్తుంది. లావు చెట్టు ఎక్కడుందో మాత్రం గుర్తు లేదు. తెలియదని చెబితే ఈ మనిషి ఆ కొవ్వొత్తి ఎక్కడ పెట్టుకోవాలి?

చెయ్యి చాపింది. వరసల మధ్య ఒక చోటు చూపింది.

"ఆడ" అంది ఎస్తేరు. ఆ ఊరి మాట ఆమె నోట రావడం అదే మొదలు.

వరమ్మ ఆ వేలి వెంట చూసింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, కోడలు నాటిన నారు తొక్కకుండా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ అక్కడికి వెళ్ళింది. రెండు మొక్కల మధ్య కూర్చుని, మట్టి చేత్తో ఒత్తి, కొవ్వొత్తి నిలబెట్టింది. కొంగు ముడి విప్పి కనకాంబరాలు పోసింది.

తర్వాత, ఆపిన చోటి నుంచే పాట ఎత్తుకుంది. వెనక ఎక్కడో దేవదానం పెట్టె అందుకుంది. తోటంతా పాడింది. ఎస్తేరు ఒక్కతే పాడకుండా, తన వేలు చూపిన చోటే చూస్తూ నిలబడింది.