మడుగులో కుమ్మరించిన బస్తాలు

చచ్చిన బాతులను జీపు ముందు కుప్ప పోశారు. చలికాలం గడుపుదామని దూరదేశాల నుంచి వచ్చిన పిట్టలు. జీపులో సంకెళ్ళతో పడవవాడు. తుంగ కొట్టం సందులోంచి వాడి అక్క చూస్తోంది.

"విషం కలిపింది వీడేనా, ఇంకెవరైనా ఉన్నారా? చెప్పకపోతే వీణ్ణి తీసుకుపోతాం. మీ గుడిసెలూ ఉండవు," గట్టు మీద నుంచి ఫారెస్ట్ రేంజర్ అరిచాడు. పక్కనే ఒక పెద్దమనిషి రుమాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు.

కొట్టం నిండా తుంగ కోసేవాళ్ళు, చాపలల్లేవాళ్ళు. ఆ విషం మోసింది వాళ్ళందరూ.

పనిచ్చినవాళ్ళు కలుపు మందన్నారు, వీళ్ళు నమ్మారు. పిట్టలు దిగాక తుంగ మీద కొడవలి వెయ్యకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. అవి బెదిరిపోతాయని. ఆ నెలల్లో పొయ్యి వెలగదు. అందుకే కూలి అనగానే ఎగబడ్డారు. బస్తాలు పడవలకెత్తి మడుగు నడుమ కుమ్మరించి వచ్చారు.

"చెబితే మనమూ లోపలికేనమ్మా," అన్నాడు కోత మేస్త్రి.

"చెప్పకపోతే నా తమ్ముడు పోతాడు బాబాయ్."

"ఒక్కడు పోతే..." మిగతా మాట మింగేశాడు.

"మిగిలినోళ్ళం బతుకుతాం, అంతేగా? పిట్టలున్నాయనే సర్కారు దీని జోలికి ఎవర్నీ రానివ్వదు. అవి లేకపోతే ఇది ఒట్టి బురద. పూడ్చి అమ్ముకుంటారు. అప్పుడేం కోస్తావు, నీ గడ్డమా?"

ఎవరో కిసుక్కున నవ్వి, ఉలిక్కిపడి నోరు మూసుకున్నారు.

"నోరు తెరిస్తే పడవతో సహా ముంచేస్తామన్నారు వదినా, ఆ పనిచ్చినోళ్ళు," అంది చాపలల్లే పిల్ల.

"నాకూ భయమే. ఇదిగో, చెయ్యి పట్టుకో."

ఆమె చెయ్యి చాచింది. పిల్ల దాన్ని పట్టుకుంది. పిల్ల చేతిని మరొకామె అందుకుంది.

బయట జీపు స్టార్టయింది. అందరూ ఒక్క గుంపుగా వెళ్ళి చక్రాల ముందు కూర్చున్నారు.

"విషం మోసింది నేను," అంది అక్క.

"నేనూ మోశాను," అంది పిల్ల.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నేను కూడా. అందరం మోశాం. కలుపు మందనుకున్నాం. ఎంతమందిని ఎక్కిస్తారో ఎక్కించండి."

రేంజర్ తెల్లబోయాడు. "మోయించింది ఎవరు?"

రేంజర్ పక్కన నిలబడి, పిట్టల కోసం కళ్ళొత్తుకుంటున్న పెద్దమనిషి చేతిలో రుమాలు ఆగిపోయింది. అతని చూపు ఒక్కొక్కరి ముఖం మీదుగా నెమ్మదిగా సాగింది. సంకెళ్ళలోని తమ్ముడు వద్దన్నట్టు తలాడించాడు.

అక్క లేచి నిలబడింది.

"మీ పక్కనున్నాడే, ఆయనే. గట్టు పనులు చేయించే కాంట్రాక్టర్."

వెనక నుంచి మేస్త్రి అన్నాడు, "కాంట్రాక్టర్." ఆ తర్వాత గుంపంతా అంది.