ఇత్తడి బిళ్ళ మీద కోల్బీ పేరు

పెళ్ళయి ఆరు వారాలైనా బ్రిన్‌కి ఇంకా ప్రతిదీ ముచ్చటగానే ఉంది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు, కవర్ల మీద తన కొత్త ఇంటిపేరు, హకిల్‌బెర్రీ పళ్ళు చల్లి భర్త కోల్బీ పోసే అట్లు. ఆ గురువారం పొద్దున ఒక అట్టు అచ్చం కొమ్ముల దుప్పి తలలా వచ్చింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

తొమ్మిదింటికి కోర్టుకి వెళ్ళాలి.

పన్నెండేళ్ళ కిందట అన్న నదిలో మునిగి చనిపోయినప్పుడు కోల్బీ తిండీ నిద్రా మానేశాడు, బతకాలని లేదన్నాడు. జడ్జి ఉత్తర్వుతో రెండు వారాలు మానసిక ఆసుపత్రిలో ఉంచారు. అలా ఉంచారు కాబట్టి, చట్టం ప్రకారం ఆనాటి నుంచి అతను తుపాకి ముట్టుకోకూడదు. ఆ హక్కు తిరిగి ఇమ్మని ఇప్పుడు అర్జీ పెట్టాడు. డాక్టరు కాగితం ఇచ్చాడు, అతను పనిచేసే కలప మిల్లు మేనేజరు ఉత్తరం రాశాడు. ఇక భార్య సాక్ష్యమే మిగిలింది.

బ్రిన్ తండ్రి వెర్న్ తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చాడు. అల్లుళ్ళందరికీ పెళ్ళిలో రైఫిల్ ఇవ్వడం, దాని మడమకి పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ బిగించడం ఆయన పద్ధతి. కోల్బీకి మాత్రం రైఫిల్ ఫోటో ఇచ్చాడు. అసలుది వెర్న్ ఇనప్పెట్టెలో, కోల్బీ ఉండే ఇంట్లో ఉంచకూడదని బ్రిన్ అక్కడే వదిలేసిన తన రైఫిల్ పక్కనే ఉంది.

"ఇంకా ముద్దులాటలేనా? అల్లుడూ, శనివారం నుంచి వేట. నీ సంచి నేనే సర్దేశా!"

"జడ్జిగారు ఏమంటారో చూద్దాం వెర్న్."

"అనేదేముంది? రోజూ తాగి ఊరు లేచిపోయేలా అరిచే నాకు పదకొండు తుపాకులున్నాయి. పిల్లి తోక తొక్కితే దానికి సారీ చెప్పే నీకు ఒక్కటీ లేదు. ఇదేం న్యాయం?"

బ్రిన్ ఫక్కున నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. మొన్న ఆదివారానికి కోల్బీ అన్న పోయి సరిగ్గా పన్నెండేళ్ళు. ఆ సాయంత్రం అతను షెడ్డులో, ఆపి ఉన్న ట్రక్కులో మూడు గంటలు కూర్చున్నాడు. ఏం చేస్తున్నావంటే, "రేడియో వింటున్నా" అన్నాడు. ఆ రేడియో పాడై ఏడాదయింది. అందుకే వాళ్ళిద్దరూ దారంతా తామే పాటలు పాడుకుంటారు.

ఆ సాయంత్రం నిజంగా ఏం చేస్తున్నావని కోర్టుకి వెళ్తూ ట్రక్కులో అడిగేసింది.

"ఏడుస్తున్నా," అన్నాడు కోల్బీ. "పెళ్ళయి ఆరు వారాలేగా. ముక్కు కారుతుంటే చూసి పారిపోతావేమోనని చెప్పలేదు."

"మళ్ళీ అలా... బతకాలని లేదని ఏమైనా?"

"లేదు." గేరు మార్చాడు. "లేదనే అనుకుంటున్నా. అప్పుడు కూడా నాకేం కాలేదనే అనుకున్నా."

"జడ్జికి చెప్పనా?"

"తెలీదు బ్రిన్. చెప్పొద్దని మాత్రం అనను."

కోర్టులో జడ్జి కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఇంట్లో తుపాకి ఉంటే మీకు నిశ్చింతేనా అమ్మా?"

వెనక బెంచీ నుంచి వెర్న్ చెప్పేయమన్నట్టు తల ఊపుతున్నాడు.

"ఎక్కువ రోజులైతే నిశ్చింతేనండి," అంది బ్రిన్. తర్వాత ఆదివారం సంగతి మొత్తం చెప్పేసింది. "అది జబ్బో, మామూలు దుఃఖమో నాకు తెలీదు. నేనూ ఏడుస్తాను. నా తుపాకి ఎవరూ తీసుకోరు. అదీ నాకర్థం కాదు."

జడ్జి చాలాసేపు రాసుకుంది. డాక్టర్ని మళ్ళీ కలవమంది. విచారణ వసంతానికి వాయిదా వేసింది.

"నువ్వెవరి సాక్షివే తల్లీ?" అని వెర్న్ టోపీ నెత్తిన బిగించుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

ట్రక్కు ఎక్కాక కోల్బీ తాళం తిప్పలేదు.

"కోపమా?" అంది.

"ఉంది. గుండెల మీంచి బరువు దిగినట్టూ ఉంది. ఏది ఎక్కువో తెలీట్లేదు." అద్దం వైపు చూస్తూ అడిగాడు. "శనివారం నువ్వు వేటకెళ్తావా?"

బ్రిన్ ఏటా తండ్రితో వెళ్ళేది. ఆ మాటే మరిచిపోయింది.

"తెలీదు," అంది.

ట్రక్కు కదిలింది. అలవాటుగా పాట ఎత్తుకోబోయి, ఇప్పుడు పాడొచ్చో లేదో తేలక, అతని వైపు చూసింది.