కానరానివాడి నిబంధన

ఆఫీసులో ఆమెను అందరూ నిదానం అనేవాళ్ళు. మొదట్లో చాటున అనుకునేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆమె కూడా పలకడానికి అలవాటుపడింది. చట్టాల ముసాయిదాలు రాయడం ఆమె పని. ఒక్క వాక్యం రాసి, పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయా అని చూసినట్టు, దాన్నే చూస్తూ కూర్చునేది.

నదికి ఇటు ఒక దేశం, అటు ఒక దేశం. మాట ఒకటే, మనుషులూ ఇంచుమించు చుట్టాలే. చట్టాలు మాత్రం ఎడమొహం పెడమొహంగా ఉండేవి. ఇటు పెళ్ళయినవాళ్ళు అటు కాపురం పెడితే మళ్ళీ సాక్షుల్ని వెతుక్కోవాలి. అటు రాసిన వీలునామా ఇటు చిత్తుకాగితం. కుటుంబ వ్యవహారాలకైనా ఒకే చట్టం ఉండాలని రెండు ప్రభుత్వాలూ ఎట్టకేలకు ఒప్పుకుని కమిటీ వేశాయి. ముసాయిదా రాసే బాధ్యత ఇటునుంచి నిదానానిది, అటునుంచి రిటైరైన ఒక జడ్జిగారిది. వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలో తేలేదాకా ఆయన మంచినీళ్ళు కూడా ముట్టరు, అందుకని కామాగారని పేరు పడిపోయింది.

ఇద్దరూ వంతెన పక్కనున్న పాత కస్టమ్స్ భవనంలో కూర్చునేవాళ్ళు. పొద్దున పూట కిటికీల్లోంచి పొగమంచు మెల్లగా గదిలోకి వచ్చి బల్ల మీద పరుచుకునేది. కామాగారి గొంతు వినిపించేది, మనిషి మాత్రం సగమే కనిపించేవారు. నిద్రలో నడిచినట్టు పని సాగిపోయింది. పెళ్ళి, దత్తత, వారసత్వం ఒక్కొక్కటే కుదిరాయి.

తప్పిపోయినవాళ్ళ అధ్యాయం దగ్గర బండి ఆగింది. ఇటు చట్టం ప్రకారం కొన్నేళ్ళు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టే. అటు చట్టం ప్రకారం శవం దొరికేదాకా బతికున్నట్టే.

"ఇది మీరే రాసుకురండమ్మా," అన్నారు కామాగారు.

నిదానం తల ఊపింది. వారాలు గడిచినా కాగితం తెల్లగానే ఉంది.

ఆమె అన్నయ్య నదిలో లోతులు కొలిచే ఉద్యోగి. కొన్నేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున మంచులోకి పడవ వేసుకుని వెళ్ళాడు. పడవ మాత్రం, ఎవరో జాగ్రత్తగా తెచ్చి పెట్టినట్టు, ఒడ్డుకి చేరింది. వదినది అవతలి ఒడ్డు. అన్నయ్య కనబడకుండా పోయాక పుట్టింటికి వెళ్ళిపోయింది గాని, ఇటువైపు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని మానలేదు. రోజూ వంతెన దాటి వచ్చేది.

ఒక సాయంత్రం షాపు కట్టేశాక వదిన వచ్చి, "రా, కొంచెం దూరం నడుద్దాం," అంది. ఇద్దరూ వంతెన ఎక్కారు.

"ఆ నిబంధన నీ దగ్గరే ఆగిందట కదా?"

"ఎవరు చెప్పారు?"

"మీ కామాగారే. అద్దాలు మార్పించుకోడానికి వచ్చి ఒకటే గోడు. మా అమ్మాయి నిదానంగా రాస్తుందనుకున్నా గాని, అసలే రాయదనుకోలేదు అని."

నిదానానికి నవ్వొచ్చింది. "ఏం రాయను వదినా? చనిపోయాడని రాస్తే అన్నయ్యని నా చేత్తో ముంచినట్టుంటుంది. బతికున్నాడని రాస్తే నిన్ను ముంచినట్టుంటుంది."

వదిన వంతెన కమ్మీలు పట్టుకుని నీళ్ళవైపు చూసింది. "పొద్దున వచ్చేటప్పుడు ఈ నడిమి స్తంభం దాటగానే నాకు మొగుడు లేడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు దాటగానే ఉన్నాడు. ఒక్కోరోజు ఇక్కడే నిలబడిపోతాను తెలుసా? ఇక్కడ నేనెవర్నీ కాను. ప్రాణానికి హాయిగా ఉంటుంది."

వంతెన మీద దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.

"ఈ దీపాలు చూసుకునే ఆయన పెళ్ళి చేసుకుందామన్నాడు," అంది వదిన, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "ఇటు చేసుకుంటే పెళ్ళి, అటు వెళ్తే జైలు."

"నీకిష్టమేనా?"

"ఇష్టమే. కాని మీ అన్న చచ్చిపోయాడని మాత్రం నా నోట అనిపించకు. నాకు తెలీదు కదమ్మా. తెలీనిది తెలుసని ఎలా అంటాను?"

ఆ మాట పట్టుకుని నిదానం ఇంటికి వచ్చింది. మర్నాడు కామాగారు వచ్చేసరికి ఆయన కుర్చీ ముందు కాగితం ఉంది. కబురు లేకుండా పోయిన మనిషి చనిపోయాడని గాని, బతికున్నాడని గాని ఈ చట్టం చెప్పదు. అతడు కానరానివాడు. గడువు దాటాక భార్య గాని భర్త గాని కోరితే ఆ బంధం నుంచి విడుదల దొరుకుతుంది. అతడి పేరూ అతడి ఆస్తీ అతడివిగానే ఉంటాయి.

కామాగారు కొత్త అద్దాలు సవరించుకుని చదివారు. "తిరిగొస్తే?"

"వస్తే బతికున్నవాడే, ఎవరూ కాదనరు. ఆ రెండో పెళ్ళి మాత్రం నిలబడుతుంది."

"మరణ ధ్రువపత్రం లేకుండా ఆఫీసుల్లో పనులెలా జరుగుతాయి?" అని ఇటువైపు గుమాస్తాలు గోల చేశారు. "శవం లేకుండా విడుదలేమిటి?" అని అటువైపువాళ్ళు చేశారు. కామాగారు అందరి మాటా ఓపిగ్గా విన్నారు. "రెండు వైపులా సమానంగా నచ్చలేదంటే ఇదే సరైనదేమో," అని సంతకం పెట్టారు. కామా ఊసే ఎత్తలేదు.

రెండు సభల్లోనూ చట్టం గట్టెక్కింది. వానాకాలంలో అవతలి ఒడ్డు రిజిస్ట్రారు ఆఫీసులో వదిన పెళ్ళి జరిగింది. నిదానం సాక్షి సంతకం చేసింది. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. దీపాలాయన సిగ్గుపడుతూ, "మీరేమీ అనుకోలేదు కదండీ?" అన్నాడు. "అనుకున్నానండీ, మంచిదే అనుకున్నాను," అంది.

వదిన ఇంట్లో భోజనాలయ్యాక నిదానం ఒక్క క్షణం నడుం వాలుద్దామని మంచం మీద ఒరిగింది. పక్క గదిలో గిన్నెల చప్పుడు, సన్నగా నవ్వులు, బయట వాన. ఎన్నాళ్ళుగానో కళ్ళ మీదకి రాని నిద్ర వచ్చి ఆమెను కమ్మేసింది. కలలో అన్నయ్య రాలేదు. ఎవరూ రాలేదు. మెలకువ వచ్చేసరికి గది మసకగా ఉంది, ఎవరో ఆమె మీద దుప్పటి కప్పారు.

"చీకటి పడింది, వెళ్ళాలి వదినా," అంటూ లేవబోయింది.

"వానలో ఎక్కడికే? పడుకో," అంది వదిన గుమ్మంలోంచి.

నిదానం మళ్ళీ కళ్ళు మూసుకుంది.